గాలితో, పొడితో పుచ్చు తీయడం: ఎయిర్ అబ్రేషన్‌కు చేతనయ్యేది, చేతకానిది

(దంతవైద్య విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసి హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో బీడీఎస్ విద్యార్థులు, ఈమధ్యే క్లినిక్ పెట్టుకున్న డాక్టర్లు కూర్చున్నారు. వెనక తల్లిదండ్రులు, స్కూలు టీచర్లు ఉన్నారు. మధ్యలో ప్రెషర్లు, మైక్రాన్లు వస్తాయి, అవి ప్రధానంగా డాక్టర్ల కోసం. అయినా తల్లిదండ్రులు కూడా చెవి ఒగ్గండి. రేపు మీ పిల్లాణ్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు డాక్టరు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో మీకు తెలిసి ఉండాలి.

పన్ను పుచ్చిందనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే: గుయ్యిమనే మిషను, ఇంజెక్షను. ఆ భయంతో పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు ఎవరూ రారు. రాత్రంతా నిద్ర పట్టక, దవడ పట్టుకుని పొద్దున్నే వస్తారు. అప్పటికి ఫిల్లింగ్ దశ దాటిపోయి రూట్ కెనాల్ దాకా వచ్చేసి ఉంటుంది. ఎయిర్ అబ్రేషన్ అసలు విలువ ఈ ఆలస్యాన్ని తగ్గించడంలోనే ఉంది. ఇది చిన్న పుచ్చుకు పనిముట్టు. పుచ్చు ఎనామిల్‌లో, అంటే పంటి గట్టి పైపొరలో, లేదా అది దాటి కాస్త లోపలికి ఉన్నప్పుడు చాలా చక్కగా పనిచేస్తుంది. పెద్దదయ్యాక వాడితే ఉపయోగం లేకపోగా మంచి పన్నుకు నష్టం జరుగుతుంది. ఆ తేడా ఎందుకు వస్తుందో అర్థమైతే మిగతాదంతా తేలిక.

పరికరం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. పెన్ను లాంటి హ్యాండ్‌పీస్, దాని కొసన సన్నటి నాజిల్. నాజిల్ రంధ్రం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. కంప్రెసర్ నుంచి వచ్చే చెమ్మ లేని గాలి మిషనులోని చిన్న అరలో ఉన్న అల్యూమినా పొడిని తనతో కలుపుకుని ఆ రంధ్రం గుండా దూసుకొస్తుంది. అల్యూమినా అంటే అల్యూమినియం ఆక్సైడ్. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 9, మన ఎనామిల్‌ది 5 దగ్గర. రేణువు అంచులు పదునుగా ఉంటాయి. వేగంగా వచ్చి తగిలిన ప్రతి రేణువూ ఎనామిల్ నుంచి కంటికి కనిపించనంత చిన్న పెచ్చును ఊడగొడుతుంది. అలాంటి దెబ్బలు లెక్కలేనన్ని పడితే గుంట ఏర్పడుతుంది. తిరిగేది ఏదీ లేదు, పొడి తప్ప పన్నును తాకేది ఏదీ లేదు. అందుకే వణుకు ఉండదు, ఎముక గుండా చెవిలోకి ఎక్కే ఆ గుయ్యిమనే మోత ఉండదు.

ఎయిరోటర్‌లో, అంటే మామూలుగా వాడే ఆ గుయ్యిమనే డ్రిల్లులో, బర్ అనే కోత ముక్క నిమిషానికి మూడు నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. పన్నును ఒరుసుకుంటూ తిరుగుతుంది కాబట్టి వేడి పుడుతుంది. పంటి లోపల నరం ఉండే మెత్తటి భాగం పల్ప్. అందులో వేడి ఎంత పెరిగితే ప్రమాదం అనే ప్రశ్నకు ఇప్పటికీ అందరూ చెప్పే ఆధారం 1965లో జాక్, కోహెన్ కోతుల పళ్ల మీద చేసిన పరిశోధన: 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే సుమారు 15 శాతం పళ్లలో పల్ప్ చచ్చిపోయింది. ఎయిరోటర్‌కు నీళ్ల స్ప్రే తప్పనిసరి అయింది అందుకే. ఎయిర్ అబ్రేషన్‌లో ఆ ఒరిపిడి లేదు, వేడి సమస్య చాలా తక్కువ. ఇంకో లాభం: బర్ అంచుల దగ్గర ఎనామిల్‌లో సన్నటి చీలికలు వదులుతుంది, పొడి అంతగా వదలదు. గుంట లోపలి మూలలు కూడా గుండ్రంగా వస్తాయి. మూల పదునుగా ఉంటే నమిలినప్పుడు ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. గుండ్రంగా ఉంటే చెదిరిపోతుంది.

ఇక చరిత్ర రెండు మాటల్లో. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం కార్పస్ క్రిస్టీ ఊళ్లోని డాక్టర్ రాబర్ట్ బ్లాక్ ఈ పద్ధతిని 1945లో ప్రచురించారు. 1951లో ఎస్.ఎస్. వైట్ కంపెనీ ఎయిర్‌డెంట్ పేరుతో మిషను అమ్మకానికి పెట్టింది. అప్పటి డ్రిల్లులు బెల్టుతో నెమ్మదిగా తిరిగేవి, పన్నును కుదిపేసేవి. వాటి పక్కన ఇది వరంలా కనిపించి ఉండాలి. అయినా కొన్నేళ్లలోనే మూలపడింది. మొదటి కారణం, 1957లో బోర్డెన్ ఎయిరోటర్ వచ్చింది, కోత వేగం ఒక్కసారిగా పెరిగింది. రెండోది నా దృష్టిలో ఇంకా పెద్దది: అప్పటి ఫిల్లింగులు వెండి అమాల్గమ్ (పాదరసం కలిసిన మిశ్రమం), బంగారం. అవి పన్నుకు అతుక్కోవు. అవి నిలవాలంటే గోడలు నిటారుగా, అడుగు సమతలంగా, లోపల కాస్త వెడల్పుగా పెట్టె ఆకారంలో గుంట తవ్వాలి. ఆ సూత్రాలు జి.వి. బ్లాక్ గారివి. ఇంటిపేరు ఒకటే అయినా ఆయన వేరు, మన రాబర్ట్ బ్లాక్ వేరు, పరీక్షలో కలపకండి. పొడి ధారతో పెట్టె ఆకారం రాదు, సాసరు ఆకారమే వస్తుంది. ఆ సాసరులో అమాల్గమ్ నిలవదు. పైగా పొడిని పీల్చేయడానికి ఇవాళ మనం వాడే బలమైన సక్షన్ అప్పట్లో లేదు, పొడంతా గదిలోనే తేలేది.

అంటే పరికరం ముందే వచ్చింది, దానికి తగిన ఫిల్లింగ్ పదార్థం తర్వాత వచ్చింది. 1955లో బ్యూనోకోర్ ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పట్టుకుంటుందని చూపించారు. 1962లో బోవెన్ బిస్-జీఎంఏ రెజిన్‌కు పేటెంట్ పొందారు. అక్కణ్నుంచి కాంపోజిట్‌లు, వాటిని పన్నుకు అతికించే బాండింగ్ ఏజెంట్‌లు పెరుగుతూ వచ్చాయి. మనవాళ్లు పంటి రంగు సిమెంట్ అంటారే, అదే కాంపోజిట్. అది పన్నుకు అతుక్కుంటుంది, దానికి పెట్టె అక్కర్లేదు. పుచ్చు ఎంత ఉంటే అంత మాత్రమే తీసి నింపవచ్చు. అందుకే 1990లలో ఎయిర్ అబ్రేషన్ మళ్లీ బయటికొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీన్ని 'మృదువైన డ్రిల్' అని ప్రచారం చేస్తారు. కూర్చున్న మనిషికి మృదువే. పన్నుకు మృదువా కాదా అన్నది పట్టుకున్న చేతిని బట్టి ఉంటుంది. గ్రానైట్ షాపులో శిలాఫలకం మీద అక్షరాలు చెక్కడం చూసే ఉంటారు. రాయి మీద మెత్తటి స్టిక్కర్ అంటించి, అక్షరాల మేర కత్తిరించి, దాని మీద ఇసుక కొడతారు. గట్టి రాయి తొలిగిపోతుంది, మెత్తటి స్టిక్కర్ చెక్కుచెదరదు. రేణువు శక్తిని మెత్తటిది మింగేస్తుంది, గట్టిది పెచ్చులూడుతుంది. పంట్లో కూడా ఇదే జరుగుతుంది. ఎనామిల్ కింద ఉండే పొర డెంటిన్. బాగా మెత్తబడిన పుచ్చు డెంటిన్ మీద అల్యూమినా ధార పెడితే అది సరిగా పోదు. చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన డెంటిన్, ఎనామిల్ మాత్రం చకచకా పోతాయి. పుచ్చును వెంబడించాలని ధార అలాగే పట్టుకుంటే, పుచ్చు అక్కడే ఉంటుంది, దాని చుట్టూ మంచి పన్నులో కందకం పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పుల్లో ఇది మొదటిది.

అందుకే పని రెండు చేతులకు పంచాలి. పైన ఎనామిల్ తలుపు తెరవడం పొడి పని. లోపల మెత్తగా ఉన్నది తీయడం స్పూన్ ఎక్స్‌కవేటర్ (చెంచా మొన ఉన్న చేతి పరికరం) పని, లేదా నెమ్మదిగా తిరిగే గుండ్రటి బర్ పని. బొప్పాయి పాలలోని పపైన్ ఎంజైమ్‌తో చేసిన జెల్‌లు కూడా ఉన్నాయి. అవి సరిగ్గా దీనికి తిరగేసి పనిచేస్తాయి: డెంటిన్‌లో పాడైన కొలాజెన్ ప్రొటీన్‌ను ఇంకా మెత్తబరిచి, చేతి పరికరంతో గీకేయడానికి వీలు కలిగిస్తాయి, గట్టి ఎనామిల్‌ను ఏమీ చేయలేవు. ఈ రెండూ పోటీదారులు కావు, ఒకే పంట్లో ఒకదాని తర్వాత ఒకటి వాడుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బర్ పట్టుకున్నప్పుడు గట్టిదనం, మెత్తదనం చేతికి తెలుస్తాయి. ఇక్కడ చేతికి ఏమీ తెలియదు. కన్నే ఆధారం. కాబట్టి లూప్స్ (పెద్దదిగా చూపే కళ్లద్దాలు) పెట్టుకోండి, ధారను ఆపి ఆపి కొట్టండి. ఒక్కో విడత 5 నుంచి 10 సెకన్లకు మించొద్దు. ఆపాలి, కడగాలి, ఆరబెట్టాలి, చూడాలి, మొన మొద్దుబారిన ప్రోబ్‌తో మెల్లగా తడిమి చూడాలి, మళ్లీ కొట్టాలి.

సెట్టింగులు. కోతను నిర్ణయించేవి రేణువు సైజు, గాలి ప్రెషర్, నాజిల్ దూరం, కోణం, పొడి ఎంత వస్తోందన్నది. రేణువు శక్తి దాని బరువుతో సమానంగా, వేగం వర్గంతో పెరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 27 మైక్రాన్ల రేణువుకు, 50 మైక్రాన్ల రేణువుకు తేడా సైజులో రెండింతలకు తక్కువే అయినా, బరువులో ఆరింతలకు పైనే. అందుకే 50 మైక్రాన్ల పొడి వేగంగా కోస్తుంది, గుంట వెడల్పు చేస్తుంది, సున్నితత్వం కూడా ఎక్కువ తెప్పిస్తుంది. దవడ పంటి గీతలు తెరవడానికి 27 మైక్రాన్లతో, 40 నుంచి 60 పీఎస్ఐ ప్రెషర్ మధ్య మొదలుపెట్టండి. 50 మైక్రాన్లను పాత కాంపోజిట్ రిపేరుకు, ఉపరితలాన్ని గరుకు చేయడానికి ఉంచుకోండి. కోత రావట్లేదని మొదటే ప్రెషర్ పెంచకండి. ముందు దూరం చూడండి. నాజిల్ కొస పంటికి 1 నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. 5 మిల్లీమీటర్లు దాటితే ధార విచ్చుకుపోతుంది, గుంట పడదు, చుట్టుపక్కల అంతా మసకబారుతుంది, నోటి నిండా పొడి. పంటికి ఆనించేస్తే పొడి వెనక్కి తన్ని నాజిల్ మూసుకుపోతుంది. ఎనామిల్ పెళుసు పదార్థం కాబట్టి దాదాపు నిటారుగా కొట్టినప్పుడే బాగా తెగుతుంది. ఏటవాలుగా పెడితే అంచులు చెదరడం తప్ప పని జరగదు.

ఏ పన్నుకు చేయాలి? పిల్లల్లో 6 ఏళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను దీనికి సరైన ఉదాహరణ. పాల పళ్లేవీ ఊడకుండానే వాటి వెనక నుంచి వస్తుంది, కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దాన్ని పాల పన్నే అనుకుంటారు, ఊడిపోతుందిలే అని వదిలేస్తారు. అది ఊడదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని మీద గీతలు లోతుగా, సన్నగా ఉంటాయి. బ్రష్ వెంట్రుక ఆ గీతల అడుగుకు చేరదు. ఒక గీత గోధుమ రంగులో ఉంటే అది మరకా, పుచ్చా అన్నది పైనుంచి చూసి చెప్పడం కష్టం. పన్ను మీద గాలి కొట్టి 5 సెకన్లు ఆరబెట్టి, మంచి వెలుతురులో చూడండి. గీత పక్కన ఎనామిల్ సుద్దలా తెల్లబడిందా, కింద నుంచి బూడిదరంగు నీడ కనిపిస్తోందా, ఎనామిల్ విరిగిందా? బైట్‌వింగ్ ఎక్స్‌రే (పళ్లు కొరికి పట్టించి తీసేది) తీయండి. అప్పటికీ అనుమానం తీరకపోతే 27 మైక్రాన్ల పొడితో రెండు మూడు సెకన్లు ఆ గీతను శుభ్రం చేసి చూడవచ్చు. మరకైతే పోతుంది, అడుగున గట్టి ఎనామిల్ కనిపిస్తుంది, గీతను మూసే సీలెంట్ పూత వేసి ముగించవచ్చు. పుచ్చైతే ఎంతవరకు పాకిందో అక్కడే తేలుతుంది. ఒక్క హెచ్చరిక: గీతలో పుచ్చు లేదని స్పష్టంగా తెలిసినప్పుడు కేవలం చూద్దామని ఎనామిల్ తొలచకండి. పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు.

పాల పళ్లకు కూడా చేయవచ్చు, కానీ వాటి ఎనామిల్ మందం శాశ్వత పన్నులో సుమారు సగమే, పల్ప్ దగ్గరగా ఉంటుంది. ప్రెషర్ తగ్గించండి, విడతలు చిన్నవి చేయండి.

పని క్రమం చెబుతాను, డాక్టర్లు రాసుకోండి. పేషెంట్లు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని ఉంటే తీయించాలి. కళ్లకు పక్కలు మూసిన అద్దాలు, డాక్టరుకు, అసిస్టెంటుకు కూడా. పెదవులకు వాసెలీన్ రాయాలి, పొడి అంటుకుని ఒరుసుకోకుండా. తర్వాత రబ్బర్ డ్యామ్, అంటే పన్నును మాత్రం బయటికి ఉంచి మిగతా నోటిని కప్పే సన్నటి రబ్బరు తెర. దీన్ని వదిలేయడానికి నేను ఏ కారణమూ ఒప్పుకోను. డ్యామ్ లేకుండా చేస్తే పొడి నాలుక మీదికి, గొంతులోకి, చిగురు సందులోకి పోతుంది. పన్ను లాలాజలంతో తడుస్తుంది, తర్వాత బాండింగ్ పట్టదు. పక్క పన్నుకు సన్నటి స్టీల్ మ్యాట్రిక్స్ బ్యాండ్ అడ్డం పెట్టాలి. పక్కన సిరామిక్ క్యాప్ ఉంటే మరీ జాగ్రత్త, ఒక్క క్షణం ధార తగిలినా మెరుపు పోతుంది, గరుకైన చోట మరకలు పట్టడం మొదలవుతుంది.

నోట్లో పెట్టే ముందు సక్షన్ మూతి దగ్గర పాత అద్దం ముక్క మీద ఒక్క సెకను కొట్టి చూడండి. గుండ్రటి, సమానమైన మసక చుక్క పడితే సరే. చుక్క ఒక పక్కకు సాగిందంటే నాజిల్ అరిగింది, మార్చాలి. ధార ఆగి ఆగి వస్తోందంటే పొడి చెమ్మగిల్లింది.

తర్వాత వరస తప్పకూడదు. ముందు హై వాల్యూమ్ సక్షన్ ఆన్ చేయాలి. వెడల్పు మూతిని పంటికి ఒక సెంటీమీటరు దూరంలో, ధార తగిలి చెదిరే దిశకు ఎదురుగా అసిస్టెంట్ పట్టుకోవాలి. లాలాజలం తీసే సన్నటి సక్షన్ దీనికి చాలదు. ఆ తర్వాత నాజిల్ దగ్గరికి తెచ్చి పెడల్ తొక్కాలి. ఆపేటప్పుడు పెడల్ వదిలీ వదలగానే చెయ్యి వెనక్కి లాగకండి. చాలా మిషన్లలో గొట్టంలో మిగిలిన పొడి ఇంకో సెకను పాటు వస్తూనే ఉంటుంది. ఆ సెకను నాజిల్‌ను పన్ను మీద నుంచి సక్షన్ మూతి వైపు తిప్పి ఉంచండి. ఇది తెలియక చేసినవాళ్ల గదిలో టేబుల్, లైటు, పేషెంటు ముఖం అన్నీ తెల్లబడతాయి.

గుంట తెరిచాక మెత్తటిది ఎక్స్‌కవేటర్‌తో తీసేయండి. అంచు చుట్టూ గట్టి ఎనామిల్, గట్టి డెంటిన్ ఉండాలి. పల్ప్ దగ్గర తోలులా ఉన్న పొర మిగిలితే దాన్ని తవ్వి పల్ప్ బయటపెట్టకండి, మూసేయవచ్చు. తర్వాత 15 నుంచి 20 సెకన్లు నీళ్లతో బాగా కడగండి. రేణువులు మిగిలిపోతే బాండింగ్ వాటికి అంటుకుంటుంది, పన్నుకు అంటుకోదు.

ఇప్పుడు ఎచింగ్, అంటే ఆమ్లంతో గరుకు చేయడం. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఉపరితలాన్ని పొడి ఎలాగూ గరుకు చేసింది, ఆమ్లం ఎందుకు అంటారు. ఆ గరుకు వేరు, ఆమ్లం చేసే గరుకు వేరు. ఆమ్లం ఎనామిల్ కడ్డీల మధ్యకు దిగి రెజిన్‌కు వేర్లు పట్టే చోటు ఇస్తుంది. అది లేకపోతే అంచు దగ్గర లీక్ అవుతుంది. 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఎనామిల్ మీద 15 నుంచి 30 సెకన్లు, డెంటిన్ మీద 15 దాటకుండా. ఇంకో చిక్కు ఉంది. మామూలుగా ఎచింగ్ సరిగా అయిందని సుద్దలాంటి తెలుపు చూసి చెబుతాం. ఎయిర్ అబ్రేషన్ చేసిన ఎనామిల్ ఆమ్లం పెట్టకముందే తెల్లగా మసకగా ఉంటుంది. రంగు చూసి మోసపోకండి, గడియారం చూడండి. ఆపైన బాండింగ్, జారుగా ఉండే ఫ్లోయబుల్ కాంపోజిట్, దాన్ని వెలుతురుతో గట్టిపరిచే లైట్ క్యూర్. లోతు 2 మిల్లీమీటర్లు దాటితే పొరలుగా వేయాలి. చివర్న రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచేయాలి.

నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన డాక్టర్లకు ఒక మాట. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామిల్ పైపొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. అక్కడ ముందు సన్నగా పొడి కొట్టి ఆ పైపొరను కాస్త తీసి, ఆ తర్వాత ఎచ్ చేస్తే బాండింగ్‌కు మేలు. కానీ పసుపు, గోధుమ రంగు మచ్చలన్నీ ఎయిర్ అబ్రేషన్‌తో పోతాయని పేషెంట్లకు ఆశ పెట్టకండి. పైపైన ఉన్నవే తగ్గుతాయి.

చేయకూడని చోట్లు కూడా స్పష్టంగా చెప్పుకుందాం. పాత అమాల్గమ్ తీయడానికి వాడొద్దు, కోత సరిగా రాదు, పైగా పాదరసం గాలిలోకి వస్తుంది. క్యాప్ కోయడానికి పనికిరాదు. రెండు పళ్ల మధ్య పుచ్చుకు దారి చేయాలంటే బరే నయం. చిగురు కిందికి దిగిన పుచ్చుకు అసలే వద్దు. చిగురు సందులోకి, తాజాగా పన్ను పీకిన గాయంలోకి, తెరిచి ఉన్న పుండులోకి ఒత్తిడితో గాలి పోతే అది చర్మం కింద పాకి బుగ్గ, మెడ ఉబ్బుతాయి. నొక్కితే చర్మం కింద కరకరమంటుంది. ఎయిరోటర్‌తో కూడా ఇది జరుగుతుంది, దీని ఒక్కదాని దోషం కాదు. అలా కనిపిస్తే వెంటనే ఆపాలి. మెడ కిందికి పాకినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఇబ్బందైనా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పంపాలి. చిగుళ్ల జబ్బు ముదిరినవాళ్లకు, ఉబ్బసం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు వేరే దారి ఎంచుకోండి.

నీళ్ల తెరతో వచ్చే మిషన్ల గురించి కూడా అడుగుతుంటారు. వాటిలో పొడి ధార చుట్టూ నీటి ధార ఉంటుంది. గదిలో పొడి బాగా తగ్గుతుంది, పన్నుకు చల్లగాలి నేరుగా తగలదు కాబట్టి జివ్వుమనడం కూడా తక్కువ. మరోపక్క, నోటి అద్దం మీద నీళ్లు పడి కనిపించడం కష్టమవుతుంది. వీలుంటే ఈ రకమే తీసుకోమంటాను. అల్యూమినా బదులు బయోయాక్టివ్ గాజు పొడి కూడా వాడవచ్చు. 45ఎస్5 అనే ఆ గాజును లారీ హెంచ్ 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో తయారుచేశారు, ఎముక కోసం. అల్యూమినా కన్నా మెత్తన, కోత నెమ్మది. బ్రేసెస్ తీశాక మిగిలే గమ్ము శుభ్రం చేయడానికి, ఎనామిల్‌కు అంతగా హాని లేకుండా మరకలు తీయడానికి బాగుంటుంది.

ఇక మిషను నిర్వహణ. మొరాయించే మిషన్లలో ఎక్కువ భాగం చెమ్మ వల్లే మొరాయిస్తాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు త్వరగా చేరతాయి. రోజూ ట్యాంకు డ్రెయిన్ తెరిచి నీళ్లు వదలండి, లైనులో ఎయిర్ డ్రయర్, ఆయిల్ ఫిల్టర్ పెట్టించండి. గాలిలో నూనె ఉంటే అది పొడిని ముద్ద కట్టించడమే కాదు, పన్ను మీద పొరలా పడి బాండింగ్‌ను చెడగొడుతుంది. పొడి డబ్బా మూత బిగించి ఉంచండి. గీత దాటి నింపకండి. సోడియం బైకార్బనేట్ పొడి వాడిన అరలోనే అల్యూమినా పోయకండి, మిగిలిన బైకార్బనేట్ చెమ్మ పీల్చి గడ్డకడుతుంది. ఒకసారి పడిన పొడిని ఏరి మళ్లీ వాడకూడదు. నోటి అద్దం ఒకటి రెండు కేసులకే మసకబారుతుంది, చవక అద్దాలు వేరుగా ఉంచుకోండి. లైట్ క్యూర్ మొనను, కెమెరా లెన్సును, ఎయిరోటర్‌ను ట్రేలో తెరిచి ఉంచొద్దు. ఎయిరోటర్ బేరింగుల్లోకి అల్యూమినా పోతే అవి ఎక్కువ కాలం ఉండవు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక తల్లి: దీంతో చేస్తే ఇంజెక్షన్ అస్సలు అక్కర్లేదంటారా అండీ?)

పుచ్చు ఎనామిల్‌లోనే ఉంటే చాలాసార్లు అక్కర్లేదమ్మా. డెంటిన్‌లోకి వెళ్లాక అక్కడి సన్నటి గొట్టాల్లో ద్రవం గాలికి కదులుతుంది, పన్ను జివ్వుమంటుంది. కొందరు ఓర్చుకుంటారు, కొందరు ఓర్చుకోలేరు. ప్రెషర్ తగ్గిస్తే కొంత తగ్గుతుంది. లోతుగా ఉంటే మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి చేయడమే మంచిది. పిల్లాడికి ముందే 'అసలు నొప్పే ఉండదు' అని మాట ఇవ్వకండి. 'చల్లటి గాలి, ఇసకలాంటి పొడి వస్తుంది, ఇబ్బందైతే చెయ్యెత్తు, ఆపుతారు' అని చెప్పండి. చెయ్యెత్తినప్పుడు డాక్టరు నిజంగా ఆపాలి.

(ఒక విద్యార్థి: కొత్త క్లినిక్‌లో పెద్ద మిషన్ కొనాలా, ఎయిరోటర్ కనెక్షన్‌కు తగిలించే చిన్న శాండ్‌బ్లాస్టర్ చాలా?)

చిన్నది మొదట తీసుకోండి. విరిగిన కాంపోజిట్ రిపేరు చేసేటప్పుడు పాత ఉపరితలాన్ని గరుకు చేయడానికి, క్యాప్ అతికించే ముందు లోపలి వైపును, పంటి మీద మిగిలిన తాత్కాలిక సిమెంట్‌ను శుభ్రం చేయడానికి, గీతల్లో సీలెంట్ వేసే ముందు పనికొస్తుంది. దాని మీద దూరం, కోణం, సక్షన్ అలవాటు చేసుకోండి. పీకిన పళ్ల మీద చేసి, ఆ పళ్లను నిలువుగా కోసి, లోపల గుంట ఏ ఆకారంలో వచ్చిందో, మెత్తటి పుచ్చు పక్కన కందకం పడిందో లేదో కళ్లారా చూడండి. పొడి పరిమాణాన్ని, ప్రెషర్‌ను విడివిడిగా తగ్గించుకోగలిగే పెద్ద మిషను ఆ తర్వాత.

(ఒక టీచర్: ఆ పొడి మింగితే, పీలిస్తే ప్రమాదమా?)

డ్యామ్ దాటి కొంచెం మింగినా అల్యూమినా కడుపులో కరగదు, బయటికి పోతుంది. పీల్చడం గురించే ఎక్కువ జాగ్రత్త కావాలి. 27 మైక్రాన్ల రేణువుల్లో ఎక్కువ భాగం ముక్కు, గొంతు దగ్గరే ఆగిపోతాయి. 10 మైక్రాన్ల కన్నా చిన్నవే ఊపిరితిత్తుల లోతుకు వెళ్తాయి. కానీ పంటికి తగిలి రేణువులు పగులుతాయి, చిన్నవీ తయారవుతాయి. పేషెంటుకు ఇది ఎప్పుడో ఒకసారి, రోజూ పీల్చేది డాక్టరు, అసిస్టెంటు. కాబట్టి ముఖానికి బాగా అంటుకునే ఎన్95 మాస్కు, బలమైన సక్షన్, పని అయ్యాక తడిగుడ్డతో తుడవడం. పొడి చీపురుతో ఊడిస్తే అంతా మళ్లీ గాల్లోకే లేస్తుంది.

(మరో తండ్రి: ఫిల్లింగ్ అయ్యాక పన్ను జివ్వుమంటే ఏం చేయాలి?)

చల్లటిది తగిలితే కొన్ని రోజులు జివ్వుమనడం మామూలే, తగ్గుతూ రావాలి. కొరికినప్పుడు మాత్రమే నొప్పి అయితే ఫిల్లింగ్ కాస్త ఎత్తుగా ఉండొచ్చు, వెళ్తే కొన్ని నిమిషాల్లో సరిచేస్తారు. కారణం లేకుండా నొప్పి పుట్టినా, రాత్రి నిద్రలేపినా, వేడి తగిలాక చాలాసేపు తగ్గకపోయినా పల్ప్ వరకు వెళ్లిందని అనుమానించాలి. నొప్పి బిళ్లతో నెట్టుకురాకుండా ఆ వారంలోనే ఎక్స్‌రే తీయించండి.